పికప్ ట్రక్కుకు పెద్ద ఆఫ్‌రోడ్ టైర్లు వేయిస్తే మైలేజీ నిజంగా ఎంత తగ్గుతుందో ఎలా కొలవాలి

పికప్ ట్రక్కు కొన్నవారిలో చాలామంది మొదట మార్చేది టైర్లనే. కంపెనీ ఇచ్చిన టైర్లు తీసేసి, వాటికన్నా ఎత్తుగా, లోతైన ట్రెడ్‌తో (నేలను తాకే గాళ్ళ భాగంతో) ఉండే ఆఫ్‌రోడ్ టైర్లు వేయించాక, వారం తిరక్కుండానే మీటరు తెరపై గ్యాలన్‌కు రెండు మూడు మైళ్ళు తగ్గి కనిపిస్తాయి. అది చూసి కొందరు కంగారుపడి పాత టైర్లు మళ్ళీ ఎక్కించేస్తారు. మరికొందరు పెద్ద టైర్లంటే ఇంతేనని సరిపెట్టుకుని ఆ తరువాత ఏమీ పట్టించుకోరు. నా దృష్టిలో ఈ రెండూ సరికాదు. తెరపై కనబడే ఆ తగ్గుదలలో కొంత వట్టి లెక్క తేడా, కొంత మీకు తెలియకుండానే మీరు పెంచిన వేగం, మిగిలినది మాత్రమే టైర్ల వల్ల నిజంగా అదనంగా ఖర్చయ్యే ఇంధనం. ఈ మూడింటినీ విడదీసి కొలిస్తే మీరు తగ్గించుకోగలిగినది ఎంతో, భరించక తప్పనిది ఎంతో తెలుస్తుంది. ఆ పని ఎలా చేయాలో ఇక్కడ వరుసగా చెబుతాను.

ఉదాహరణకు 2016 నుంచి 2023 వరకు అమ్మిన టొయోటా టకోమాను తీసుకుందాం. డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ ప్రాంతాల్లో స్థిరపడిన మన తెలుగువారిలో ట్రక్కులంటే ఇష్టపడేవారికి ఇది పరిచయం ఉన్న బండే. అందులో టి.ఆర్.డి. ఆఫ్‌రోడ్ రకానికి కంపెనీ ఇచ్చిన టైరు 265/70ఆర్16. దాని స్థానంలో సాధారణంగా వేయించేవి 265/75ఆర్16 లేదా 285/75ఆర్16. మీది ఫోర్డ్ ఎఫ్-150 అయినా, షెవర్లే సిల్వరాడో అయినా అంకెలు మారతాయి తప్ప పద్ధతి మారదు.

టైర్లు మార్చక ముందే పాత లెక్క రాసిపెట్టుకోండి

పాత టైర్లతో అసలు మైలేజీ ఎంతో తెలియకపోతే, కొత్త టైర్లతో ఎంత తగ్గిందో చెప్పడానికి ఆధారమే ఉండదు. అందువల్ల టైర్ల షాపులో అపాయింట్‌మెంట్ తీసుకోవడానికి కనీసం నెలా రెండు నెలల ముందే కొలత మొదలుపెట్టండి. తెరపై కనిపించే సగటు అంకెను నమ్మకుండా, ట్యాంకు నింపిన ప్రతిసారీ ట్రిప్ మీటరులోని మైళ్ళను, పంపు చూపిన గ్యాలన్లను ఒక పుస్తకంలోనో ఫోనులోనో రాసుకోండి. వీలైనంతవరకు ఒకే గ్యాస్ స్టేషన్‌లో, ఒకే పంపు దగ్గర, ట్రక్కును ఒకే దిశలో నిలిపి, నాజిల్ దానంతట అది మొదటిసారి టక్కున ఆగిన చోటే ఆపేయండి. ఇంకాస్త పడుతుందేమోనని మళ్ళీ నొక్కితే ఒకసారి అర గ్యాలన్ ఎక్కువ, మరోసారి తక్కువ పడి లెక్క చెడుతుంది. 16 గ్యాలన్లలో అర గ్యాలన్ అంటే 3 శాతం. మనం పట్టుకోవాలనుకుంటున్న తేడాయే పది శాతం లోపు ఉన్నప్పుడు, కొలతలోనే 3 శాతం పొరపాటు వస్తే ఆ కొలతకు విలువ ఉండదు. అందుకే ఒక్క ట్యాంకుతో తీర్పు చెప్పకుండా, మూడు నాలుగు ట్యాంకుల మైళ్ళన్నీ ఒకచోట, గ్యాలన్లన్నీ ఒకచోట కూడి, ఆ మొత్తాలను భాగించండి.

వాతావరణాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి. అమెరికా ప్రభుత్వ ఇంధన సమాచారం ప్రకారం, 77 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర వచ్చే మైలేజీతో పోలిస్తే 20 డిగ్రీల చలిలో, నగరంలో తిరిగే పెట్రోలు కారు మైలేజీ దాదాపు 15 శాతం తగ్గుతుంది. టెక్సస్‌లో అంత చలి అరుదే అయినా, అక్టోబరులో పాత టైర్లతో కొలిచి, జనవరిలో కొత్త టైర్లతో కొలిచి, ఆ తేడానంతా టైర్ల మీదకు నెట్టడం న్యాయం కాదు. చలికాలంలో అమ్మే పెట్రోలు మిశ్రమంలో శక్తి కూడా వేసవి మిశ్రమం కన్నా కొద్దిగా తక్కువ. హైవే మైలేజీ కొలిచేటప్పుడు డాలస్ నుంచి ఆస్టిన్‌కు వెళ్ళిన లెక్క ఒక్కటే తీసుకోకుండా, తిరుగు ప్రయాణాన్ని కూడా కలపండి. ఇంటర్‌స్టేట్ 35 మీద ఉత్తరపు గాలి ఎదురైతే ఒకవైపు లెక్క, వెనకనుంచి తోస్తే మరోవైపు లెక్క ఎటూ పొసగవు.

ఈ దశలోనే చేయవలసిన మరో చిన్న పని ఉంది. చదునైన సిమెంటు నేల మీద ట్రక్కును నిలిపి, టైర్లలో గాలి సరిచూసి, వెనక టైరు నేలను తాకే చోట టైరు మీద, నేల మీద కలిసేలా సుద్దతో ఒక గీత గీయండి. ట్రక్కును నెమ్మదిగా ముందుకు కదిలించి, టైరు మీది గీత మళ్ళీ నేలను తాకిన చోట ఇంకో గీత గీసి, రెండు గీతల మధ్య దూరాన్ని టేపుతో కొలవండి. ఒకటికి బదులు అయిదు చుట్లు తిప్పి అయిదుతో భాగిస్తే ఇంకా కచ్చితంగా వస్తుంది. బండి బరువుకు టైరు కొంత అణిగి ఉంటుంది కాబట్టి, ఇలా వచ్చే దూరం కాగితం మీద వేసిన చుట్టుకొలత కన్నా కొద్దిగా తక్కువే ఉంటుంది. కొత్త టైర్లు వేయించిన రోజున అదే నేల మీద ఇదే పని మళ్ళీ చేయాలి.

రెండు టైర్ల మధ్య నిష్పత్తి కట్టండి

టైరు పక్కభాగం మీద అచ్చువేసిన అంకెలలోనే మీకు కావలసిన సమాచారం ఉంది. 265/70ఆర్16లో 265 అనేది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, 70 అనేది ఆ వెడల్పులో ఎన్నో శాతం సైడ్‌వాల్ ఎత్తు, 16 అనేది అంగుళాలలో రిమ్ వ్యాసం. 265లో 70 శాతం 185.5 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ పైన ఒకటి, కింద ఒకటి కాబట్టి దాన్ని రెట్టింపు చేస్తే 371, దానికి 16 అంగుళాల రిమ్, అంటే 406.4 మిల్లీమీటర్లు కలిపితే టైరు మొత్తం వ్యాసం 777.4 మిల్లీమీటర్లు. ఇదే లెక్కన 265/75ఆర్16 వ్యాసం 803.9, 285/75ఆర్16 వ్యాసం 833.9 మిల్లీమీటర్లు వస్తాయి. కొత్త వ్యాసాన్ని పాత వ్యాసంతో భాగిస్తే మొదటిదానికి 1.034, రెండవదానికి 1.073 వస్తుంది. ఈ అంకెనే మనం ఇకపై దిద్దుబాటు గుణకం అందాం.

సుద్ద గీతల కొలత చేసి ఉంటే, కొత్త టైరు కొలతను పాత టైరు కొలతతో భాగించి, వచ్చినదానితో ఈ గుణకాన్ని సరిపోల్చుకోండి. రెండింటికీ తేడా వస్తే సుద్ద గీతల కొలతనే నమ్మండి, ఎందుకంటే ఒకే సైజు పేరుతో అమ్మే టైర్లలో కూడా ఒక కంపెనీ టైరుకూ మరో కంపెనీ టైరుకూ ఎత్తులో తేడా ఉంటుంది. దీన్ని రోడ్డు మీద నిర్ధారించుకోవడం కూడా సులువే. ఇంటర్‌స్టేట్ పక్కన ఉండే మైలు గుర్తుల మధ్య 50 మైళ్ళు నడిపి, ట్రిప్ మీటరు ఎంత చూపిందో, ఫోనులోని జీపీఎస్ ఎంత చూపిందో రాసుకోండి. 1.073 గుణకం నిజమైతే, పాత టైర్లతో సరిగ్గా చూపిన మీటరు, కొత్త టైర్లతో 50 మైళ్ళకు బదులు 46.6 మైళ్ళే చూపుతుంది.

లెక్క తేడాను ముందు తీసేయండి

ఓడోమీటరు నిజానికి దూరాన్ని కొలవదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, చుట్టుకు ఇంత దూరమని కంపెనీ ముందే పెట్టిన విలువతో గుణిస్తుంది. టైరు పెద్దదైతే ఒక్కో చుట్టుకు బండి ఎక్కువ దూరం వెళుతుంది, కానీ ఆ సంగతి మీటరుకు తెలియదు. అందువల్ల నడిచిన దూరం తక్కువగానూ, దాన్నిబట్టి మైలేజీ కూడా తక్కువగానూ కనబడతాయి.

ఒక లెక్క చేసి చూద్దాం. పాత టైర్లతో గ్యాలన్‌కు 20.5 మైళ్ళు వచ్చేవనుకోండి. 285/75ఆర్16 వేయించాక ట్రిప్ మీటరు 280 మైళ్ళు చూపగా, 16 గ్యాలన్లు పట్టాయి. ఉన్నదున్నట్లు భాగిస్తే 17.5 వస్తుంది, అంటే దాదాపు 15 శాతం తగ్గినట్లు. ఇప్పుడు 280ని 1.073తో గుణించండి. నిజంగా నడిచినది 300 మైళ్ళు, నిజమైన మైలేజీ 18.8, నిజమైన తగ్గుదల 8 శాతానికి కాస్త పైన. కనబడిన నష్టంలో దాదాపు సగం అసలు నష్టమే కాదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. కొన్ని ట్రక్కులలో టైరు సైజును కంప్యూటర్‌లో మార్చవచ్చు. ఫోర్డ్ బండ్లకు ఫోర్‌స్కాన్ అనే సాఫ్ట్‌వేర్‌తో చాలామంది ఈ పని చేస్తారు. అలా మార్చిన తరువాత కూడా మళ్ళీ గుణకంతో గుణిస్తే, ఒకే తేడాను రెండుసార్లు దిద్దినట్లయి, మైలేజీ అసలు తగ్గనే లేదన్న తప్పుడు సంతోషం మిగులుతుంది. మార్చారో లేదో షాపువాళ్ళను అడిగి కచ్చితంగా తెలుసుకోండి.

ఇప్పుడు వేగం సంగతి చూడండి

చాలామంది ఇక్కడే ఆగిపోతారు, కానీ హైవే మీద ఎక్కువగా తిరిగేవారికి అసలు కిటుకు ఇందులోనే ఉంది. ఓడోమీటరు ఎంత తప్పుతుందో స్పీడోమీటరు కూడా అంతే తప్పుతుంది. ముల్లు 70 మీద ఉంటే 1.073 గుణకం ఉన్న ట్రక్కు నిజంగా గంటకు 75 మైళ్ళ వేగంతో పోతుంటుంది. గాలి నిరోధం వేగానికి వర్గ నిష్పత్తిలో పెరుగుతుంది కాబట్టి, ఆ 7 శాతం అదనపు వేగం గాలి నిరోధాన్ని 15 శాతం పెంచుతుంది. నిటారుగా, వెడల్పుగా ఉండే పికప్ ట్రక్కు ఆ వేగంలో పడే శ్రమలో సగానికి పైగా గాలిని చీల్చుకుపోవడానికే. అంటే మీరు మునుపటిలాగే నడుపుతున్నాననుకుంటూనే, మునుపటికన్నా వేగంగా నడుపుతున్నారు. ఆ వేగానికి కాలిన ఇంధనాన్ని టైర్ల ఖాతాలో రాస్తున్నారు.

దీనికి పరిష్కారం ఖర్చులేనిది. కొత్త టైర్లతో కొలిచే రోజుల్లో స్పీడోమీటరును పక్కనబెట్టి, ఫోనులోని జీపీఎస్ వేగాన్ని చూస్తూ, పాత టైర్లతో నడిపిన నిజమైన వేగానికే క్రూయిజ్ కంట్రోల్ పెట్టండి. 70 మైళ్ళ నిజ వేగం కావాలంటే ముల్లు 65 దగ్గర ఉండాలి. ఆస్టిన్ దగ్గర నుంచి సెగీన్ వైపు వెళ్ళే స్టేట్ హైవే 130 మీద 85 మైళ్ళ పరిమితి ఉంది. అక్కడ ముల్లును 85 మీద పెడితే మీరు నిజంగా 91 మైళ్ళ వేగంతో పోతున్నట్లు. అప్పుడు మైలేజీ సంగతి అలా ఉంచండి, పోలీసులు ఆపితే మీటరు తప్పు చూపిందన్న మాట అక్కరకు రాదు. ఆఫ్‌రోడ్ టైర్ల మీద అంత వేగంలో బ్రేకు వేస్తే బండి ఆగే దూరం గురించి కూడా ఆలోచించాలి.

మిగిలిన నష్టం ఎక్కడి నుంచి వస్తోంది

దూరాన్నీ వేగాన్నీ దిద్దుకున్న తరువాత కూడా మిగిలే తగ్గుదలకు ప్రధాన కారణం టైరు ఎత్తు అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎత్తు కన్నా టైరు రకమే ఎక్కువ కారణం. టైరు తిరుగుతున్నప్పుడు నేలను తాకే భాగం ప్రతి చుట్టుకూ వంగి, మళ్ళీ నిటారవుతుంది; ఆ వంగడంలో రబ్బరు వేడెక్కి కొంత శక్తి వృథాగా పోతుంది. ట్రెడ్ ఎంత లోతుగా ఉంటే, దిమ్మెలు ఎంత పెద్దవైతే, లోపలి పొరలు ఎంత మందంగా ఉంటే ఆ వృథా అంత ఎక్కువ. హైవే టైరు కన్నా ఆల్ టెర్రైన్ టైరు (రోడ్డుకూ మట్టిదారికీ కలిపి చేసినది), దానికన్నా మడ్ టెర్రైన్ టైరు (బురద కోసం చేసినది) ఎక్కువ ఇంధనం తాగేది అందుకే. అమెరికాలోని ట్రాన్స్‌పోర్టేషన్ రీసెర్చ్ బోర్డు 2006లో ఇచ్చిన నివేదిక ప్రకారం, సాధారణ వాహనాలలో టైర్ల దొర్లుడు నిరోధం, అంటే పైన చెప్పిన ఆ శక్తి వృథా, 10 శాతం మారితే మైలేజీ 1 నుంచి 2 శాతం మారుతుంది. ఆ లెక్కన మీరు వేయించిన టైరు నిరోధం పాతదానికన్నా 30 శాతం ఎక్కువనుకుంటే, 3 నుంచి 6 శాతం మైలేజీ దీనికే పోతుంది.

కొత్త టైర్లు వేసిన మొదటి రోజుల్లో తేడా మరీ ఎక్కువగా కనిపించడానికి ఇంకో కారణం కూడా ఉంది. మీరు తీసేసినవి అరిగిపోయిన టైర్లు. అరిగిన టైరులో వంగే రబ్బరు తక్కువ కాబట్టి దాని నిరోధం కూడా తక్కువ. అదే సైజులో కొత్త హైవే టైర్లు వేయించినా మైలేజీ కొంత తగ్గి ఉండేదే.

బరువు గురించి ప్రచారంలో ఉన్న మాటలను నేను ఒప్పుకోను. చక్రం మీద పెరిగిన ఒక్కో పౌండు బండి మీద పది పౌండ్లతో సమానమని చెబుతుంటారు. భౌతికశాస్త్రం ప్రకారం, బరువంతా టైరు అంచునే ఉందనుకున్నా వేగం పెంచేటప్పుడు దాని ప్రభావం రెట్టింపుకు మించదు. ఒక్కో టైరు 15 పౌండ్లు బరువెక్కితే నాలుగింటికి 60, రెట్టింపు చేస్తే 120 పౌండ్లు. 100 పౌండ్ల అదనపు బరువు మైలేజీని సుమారు 1 శాతం తగ్గిస్తుందన్నది అమెరికా ప్రభుత్వ లెక్క. అదికూడా చిన్న బండ్లకు ఎక్కువ, పెద్ద బండ్లకు తక్కువ. కనుక ఎర్ర దీపాల దగ్గర ఆగుతూ కదులుతూ పోయే నగర ప్రయాణంలో బరువు వల్ల పోయేది 1 శాతం దరిదాపుల్లోనే ఉంటుంది. ఒకే వేగంతో పోయే హైవే మీద అంతకన్నా తక్కువ. బండిని పైకెత్తే లిఫ్ట్ కిట్ సంగతి వేరు. ట్రక్కు కిందనుంచి దూరే గాలి పెరుగుతుంది, వెడల్పు టైర్లు ఆ గాలికి అడ్డుగా నిలుస్తాయి. లిఫ్ట్, టైర్లు ఒకే రోజు వేయిస్తే దేనివల్ల ఎంత పోయిందో ఎప్పటికీ తేలదు కాబట్టి, వీలుంటే ఒకదాని తరువాత ఒకటి వేయించి, మధ్యలో కొలవండి.

గాలి విషయంలో డ్రైవరు తలుపు మీది స్టిక్కరును గుడ్డిగా నమ్మకండి

తలుపు చట్రం మీద అంటించిన స్టిక్కరులోని పీడనం కంపెనీ ఇచ్చిన టైరుకు మాత్రమే వర్తిస్తుంది. కొత్తగా వేయించినది ఎల్‌టి రకమైతే, అంటే బరువులు మోసే ట్రక్కుల కోసం చేసిన మందపు టైరైతే, అదే బరువును మోయడానికి దానికి ఎక్కువ పీడనం కావాలి. పాత పీడనమే పెట్టి నడిపితే టైరు ఎక్కువగా వంగి, వేడెక్కి, మైలేజీతో పాటు టైరు ఆయువు కూడా తగ్గుతుంది. అలాగని సైడ్‌వాల్ మీద రాసిన గరిష్ఠ పీడనాన్ని పెట్టడమూ తప్పే. ట్రెడ్ మధ్యభాగం త్వరగా అరిగి, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. టైరు తయారీదారు ఇచ్చే బరువు–పీడనం పట్టికను టైర్ల షాపులో అడిగి తీసుకోండి. పాత టైరు పి రకానిదైతే, అంటే మామూలు ప్రయాణ వాహనాల కోసం చేసినదైతే, స్టిక్కరులోని పీడనం దగ్గర అది మోసే బరువును ఆ పట్టికలో చూసి, 1.1తో భాగించి, అంత బరువును కొత్త ఎల్‌టి టైరు ఏ పీడనం దగ్గర మోస్తుందో వెతికి, అంతకు తగ్గకుండా పెట్టాలి. ట్రక్కులకు వేసినప్పుడు పి రకం టైర్ల సామర్థ్యాన్ని అలా తగ్గించి లెక్కించడం పరిశ్రమలో ఉన్న నియమం.

పీడనం 1 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి ఒక పౌండు) తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతం తగ్గుతుందన్నది ప్రభుత్వం చెప్పే అంకె. ఒక్కో పి.ఎస్.ఐ. చిన్నదిగానే కనిపించవచ్చు. ఇసుకలోకో రాళ్ళలోకో వెళ్ళేటప్పుడు పట్టు కోసం గాలిని 18, 20 పి.ఎస్.ఐ.కి దించి, తిరిగి వచ్చేటప్పుడు నింపుకోకుండా హైవే ఎక్కేవారి విషయంలో మాత్రం అది మైలేజీతో ఆగదు. వేడికి టైరు పేలే ప్రమాదం ఉంది. చిన్న కంప్రెసరు ఒకటి బండిలోనే ఉంచుకోండి.

డబ్బు లెక్క వేసుకుని నిర్ణయించుకోండి

పై ఉదాహరణలో 20.5 నుంచి 18.8కి మైలేజీ తగ్గింది. ఏడాదికి 12,000 మైళ్ళు తిరిగేవారికి ఇది సుమారు 53 గ్యాలన్ల అదనపు ఖర్చు. గ్యాలన్ 3 డాలర్లనుకుంటే 159 డాలర్లు. టైర్లు 50,000 మైళ్ళు వస్తే మొత్తం 660 డాలర్ల పైచిలుకు. టైర్ల ధర అడిగినప్పుడు ఈ మొత్తాన్ని కూడా కలిపి చూసుకోవాలి. నెలకు నాలుగుసార్లు మట్టిదారి పట్టేవారికి ఇది పెద్ద ఖర్చేమీ కాదు. బండి ఇంటికీ ఆఫీసుకూ మధ్య తప్ప వేరే దారి ఎరగనిదైతే, అందం కోసమే అంత పెట్టాలా అన్నది మీరు తేల్చుకోవాలి.

ఇంకా కొననివారు సైజు ఎంచుకునేటప్పుడు ఎత్తును, వెడల్పును విడివిడిగా చూడండి. నేల మీది రాళ్ళకు బండి అడుగు తగలకుండా ఉండాలంటే కావలసినది ఎత్తు, వెడల్పు కాదు. 265/75ఆర్16కు దాదాపు సమానమైన ఎత్తులో 235/85ఆర్16 దొరుకుతుంది. వెడల్పు 30 మిల్లీమీటర్లు తక్కువ కావడంతో గాలికి అడ్డు తగ్గుతుంది. మెత్తని ఇసుకలో వెడల్పు టైరు మేలు చేస్తుంది కానీ, రాళ్ళూ గులకలూ ఉండే దారులకు సన్నని ఎత్తైన టైరే నా ఎంపిక. పొరల విషయంలో కూడా, బరువైన ట్రెయిలరు లాగనివారికి పది పొరల సామర్థ్యమున్న ఇ శ్రేణి (టైరు మోయగల బరువును అక్షరాలతో సూచిస్తారు) అవసరం చాలావరకు ఉండదు. అంతకన్నా తక్కువ బరువు మోసే సి శ్రేణి దొరికితే తేలికగానూ, తక్కువ నిరోధంతోనూ ఉంటుంది.

గేర్ల మార్పు గురించి కూడా మెకానిక్కులు చెబుతారు. టైరు పెద్దదైతే వెనక ఇరుసు గేరు నిష్పత్తి ఆ మేరకు తగ్గినట్లే: ఆటోమేటిక్ టకోమాలో ఉండే 3.909 నిష్పత్తి, 1.073 గుణకంతో 3.64 అయినట్లు పనిచేస్తుంది. చిన్న ఎత్తులకు కూడా బండి పై గేరులో నిలవక, పదేపదే కిందికి దిగుతూ ఇంజిన్ గోల చేస్తుంటే దీన్ని అనుమానించండి. 3 శాతం పెరిగిన టైరుకు గేర్లు మార్పించడం డబ్బు దండగ. 10 శాతం దాటితే, అందులోనూ ట్రెయిలరు లాగేవారైతే, ఆలోచించవచ్చు. కానీ ముందు వెనక ఇరుసులు రెండింటికీ మార్చాలి కాబట్టి వేల డాలర్లు అవుతుంది, ఆ డబ్బు ఇంధనం ఆదాతో తిరిగి రాదు.

భారతదేశంలో మహీంద్రా థార్‌కో, టొయోటా హైలక్స్‌కో పెద్ద టైర్లు వేయించేవారికి కూడా ఇదే పద్ధతి, కాకపోతే గ్యాలన్ల బదులు లీటర్లు, మైళ్ళ బదులు కిలోమీటర్లు. అయితే అక్కడ 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు కనుక, ఆ మోడలుకు కంపెనీయే ఆమోదించిన సైజులలోనే ఎంచుకోండి.

టైర్లు వేయించిన తరువాత అయిదారు వేల మైళ్ళకోసారి వాటి స్థానాలు మార్పించినప్పుడు సుద్ద గీతల కొలతను మళ్ళీ చేయండి. ఆల్ టెర్రైన్ టైరు కొత్తగా ఉన్నప్పుడు ట్రెడ్ లోతు అంగుళంలో 32 భాగాలకు 15 భాగాలు ఉందనుకోండి. అది 5 భాగాలకు అరిగేసరికి వ్యాసం 16 మిల్లీమీటర్లు తగ్గి, గుణకం కూడా దాన్నిబట్టి కొంత తగ్గుతుంది. మొదటి రోజు కట్టిన 1.073నే చివరిదాకా వాడితే, రాని మైళ్ళు కూడా లెక్కలో వచ్చి చేరతాయి.